దేశీ మొక్కల అమ్మకానికి వెళ్తున్నారా? పొడుగు కాదు, సంచి అడుగు చూడండి (దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వాళ్లకి)

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రథయాత్ర అయిన వారం మా దగ్గర మహిళా సంఘాలవాళ్లు నర్సరీ మొక్కలన్నీ ఒకచోట పెట్టి అమ్ముతున్నారు. దేశీ మొక్కలే ఉంటాయట. నా పెరడు 20 అడుగులు × 30 అడుగులు. తూర్పున కాంపౌండు గోడ, పడమటి మూల సెప్టిక్ ట్యాంకు. ఎర్రమట్టి, అడుగు లోతు దాటితే మొరం. ఎండ పొద్దున్న 8 నుంచి మూడింటి వరకు పడుతుంది. ఖర్చు 1000 రూపాయలు దాటకూడదు. ఏవి తీసుకోవాలి, మంచి మొక్కని ఎలా పోల్చుకోవాలి? ఇంకో ఇబ్బంది, చీటీలన్నీ ఒడియాలోనే రాస్తారు. చదవడం వచ్చు గానీ ఏ పేరు మన ఏ చెట్టుదో తెలీదు.

సునారి_రేల (రాయగడ)
ముందు పేర్ల సంగతి చూద్దాం. సగం పొరపాట్లు అక్కడే జరుగుతాయి.

అన్నింటికంటే పెద్ద బోల్తా జాముకొళి. మనవాళ్లు జామ అనుకుని తెచ్చేసుకుంటారు. అది నేరేడు. జామని ఒడియాలో పిజుళి అంటారు. ఇరవై అడుగుల పెరట్లో జామ అనుకుని నేరేడు పాతితే పదేళ్లకి గోడమీద పడి ఏడవాలి. అనుమానమైతే ఆకు నలపండి, నేరేడు ఆకు టర్పెంటైను వాసన కొడుతుంది.

మిగతావి: సునారి అంటే రేల. బఉళ అంటే పొగడ. కరంజ కానుగ. గంగశిఉళి పారిజాతం. మహుల ఇప్ప. పలాస మోదుగ. పొలాంగ పొన్న. నాగేశ్వర నాగకేసరం. బేల మారేడు, కఇథ వెలగ. అఁళా ఉసిరి. హరిడా కరక్కాయ, బాహాడా తాని. బేగునియా వావిలి. బాసంగ అడ్డసరం. టగర నందివర్ధనం. కురేఇ కొడిశపాల. ఛతియానా ఏడాకుల పాల. డిమిరి మేడి, బర మర్రి, ఓస్త రావి. ఈ చివరి మూడూ ఇంటి పెరటికి వద్దే వద్దు, గోడ పగులులో వేరు దూరిందంటే మళ్లీ తియ్యలేం.

అసన అని రాసి ఉంటే రెండుసార్లు అడగండి. ఇక్కడివాళ్లు అసన అనేది నల్లమద్దిని. సంస్కృతం చదువుకున్నవాళ్లు అసన అంటే వేగి చెట్టనుకుంటారు. వేగిని ఒడియాలో పియాశాళ అంటారు.

పాత_గునపం (గుణుపురం)
రేల గారి పట్టికకి ఒకటి కలుపుతున్నా. "అశోక" అని రాసి దేబదారు చేతిలో పెడతారు. దేబదారు అంటే రోడ్డు పక్కన కొవ్వొత్తిలా నిటారుగా పెరిగే నరమామిడి. దాని ఆకు ఒంటి ఆకు, అంచు అలలు అలలుగా ఉంటుంది. అసలు అశోకం ఆకు ఒక్క ఈనెకి మూడు నుంచి ఆరు జతల చిట్టాకులతో ఉంటుంది, లేత చిగురు రాగి రంగులో వాడిపోయినట్టు కిందికి వేలాడుతుంది. వాడిపోయిందనుకుని వదిలెయ్యకండి, దాని తీరే అంత. అసలు అశోకం అడవుల్లో తగ్గిపోయింది, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఎర్ర జాబితాలో ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో ఉంది. గింజతో పెంచిన మొక్క దొరికితే వదలొద్దు. కాకపోతే దానికి కాస్త నీడ, ఎప్పుడూ తడి కావాలి. మీరు చెప్పిన మొరం నేలకీ మూడింటిదాకా ఎండకీ అది సరిపడదు.

సునారిలో కూడా ఇదే మోసం. చాకుండా, అంటే సీమ తంగేడుని సునారి అని ఇస్తారు. రేల చిట్టాకు పెద్దది, ముదిరితే దాదాపు జానెడు. సీమ తంగేడు చిట్టాకు రెండు మూడు అంగుళాలే, మొన గుండ్రం, జతలు ఎక్కువ. మొక్క చిన్నదైనా ఈ తేడా కనిపిస్తుంది.

మహేంద్రతనయ
మాధవీలత ఉందన్నారు. అది తీసుకోవచ్చా?

సునారి_రేల
ఉన్నది మాధవీలతేనా అన్నది చూడాలి. గుత్తులుగా తెల్లగా విచ్చుకుని గులాబీ, ఎరుపు రంగుల్లోకి మారే పొడుగు గొట్టం పువ్వు అయితే అది రాధామనోహరం. దాన్ని మధుమాలతి అంటారు, రెండు పేర్లూ కలిపేసి అమ్మేస్తారు. అసలు మాధవి పువ్వు తెలుపు, రెక్కల అంచు చీలికలుగా ఉంటుంది, ఒక రెక్క మీద పసుపు మచ్చ. కాయకి మూడు రెక్కలు. పువ్వు లేకుండా అమ్ముతుంటే ఫోనులో ఫోటో చూపించమనండి. అసలైనదైనా గట్టి ఇనుప పందిరి ఉంటేనే, వెదురు పందిరిని పదేళ్లలో కూలదోస్తుంది.

సీతాకోక (రాయగడ)
"దేశీ మొక్కలే" అన్నారు కాబట్టి ఒక మాట. మన పెరళ్లలో తరతరాలుగా ఉన్నవన్నీ దేశీ కాదు. దేవగన్నేరు, పచ్చగన్నేరు, కాగితం పూలు, చంద్రకాంత, బంతి, సీతాఫలం, బొప్పాయి, జామ, ఇవన్నీ అమెరికా ఖండాలవి. బిళ్లగన్నేరు, తురాయి మడగాస్కరువి. అమ్మకంలో వీటిని "మన ఊరి మొక్కలు" అని పెట్టినా ఆశ్చర్యం లేదు.

ఎర్రమొరం (జయపురం)
సీతాఫలం దేశీ కాదా! కోరాపుట్ కొండలమీద దానంతటదే మొలుస్తుంది కదండీ.

సీతాకోక
దానంతటదే మొలవడం వేరు, ఇక్కడిది కావడం వేరు. బయటి దేశపు కంప లంటానా కూడా దానంతటదే మొలుస్తుంది కదా! తినడానికి సీతాఫలం నిక్షేపంగా పెంచుకోండి, ఎవరూ వద్దనరు. కాకపోతే దేశీ మొక్క కొనడంలో ఉద్దేశం ఇక్కడి పురుగూ పిట్టా బతకడమే అయితే లెక్క మారుతుంది. కరివేపాకు, మారేడు, నిమ్మ ఆకుల మీద నిమ్మ సీతాకోక గుడ్లు పెడుతుంది. రేల ఆకు మీద పచ్చపచ్చని వలస సీతాకోకలు, జిల్లేడు మీద నారింజ రంగు సాదా పులి సీతాకోక. నిమ్మ సీతాకోక గొంగళిపురుగు మొదట పిట్ట రెట్టలా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చ. అది ఆకు తింటుంది, తినాలి. రెండడుగుల మొక్క మీద ఐదారు పురుగులుంటే ఆకంతా పోయినా మళ్లీ చిగురిస్తుంది.

అందుకే అమ్మేవాళ్లని ఈ ఒక్కటీ అడగండి: "సంచిలో గుళికల మందు గానీ ఇమిడాక్లోప్రిడ్ గానీ వేశారా?" అది వేరునుంచి ఆకులోకి ఎక్కుతుంది. పురుగు పట్టని నిగనిగలాడే మొక్క తెచ్చి సీతాకోకలు రాలేదని బాధపడితే లాభం లేదు.

కవర్‌మొక్క (కాశీనగర్)
మేము నర్సరీ పక్షం వాళ్లం, మా వైపునుంచి కూడా చెప్తాను.

మందు అడిగితే నిజం చెప్తాం, కానీ ఆదివారం పన్నెండింటికి జనం మధ్యలో అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు. తెరిచిన గంటలోపే రండి. మంచి మొక్కలు మొదటి రెండు గంటల్లోనే పోతాయి. మధ్యాహ్నానికి మిగిలేవి పొడుగ్గా సాగిపోయిన మొక్కలు, లేకపోతే సంచిలో ముదిరిపోయినవి.

అందరూ పొడుగు చూసి కొంటారు, అదే తప్పు. నాలుగడుగుల మొక్క 5×7 అంగుళాల సంచిలో ఉందంటే దాని తల్లివేరు ఎప్పుడో సంచి అడుగు తగిలి గిరగిరా చుట్టుకుపోయి ఉంటుంది. అడుగున్నర మొక్క 8×10 సంచిలో ఉంటే ఏడాదిలో దాన్ని దాటేస్తుంది. ఎత్తు సెంటీమీటర్లలో, మొదలు మందం మిల్లీమీటర్లలో లెక్కేసి ఎత్తుని మందంతో భాగించండి. 6 దగ్గరుంటే గట్టి మొక్క. 10 దాటితే నీడలో ఇరుకుగా పెరిగి సాగిపోయిందని అర్థం, గాలికి పడుకుంటుంది. 60 సెంటీమీటర్ల మొక్కకి మొదలు దాదాపు చిటికెన వేలంత ఉండాలి.

పాత_గునపం
బాగా చెప్పారమ్మా. ఇక చూసే పద్ధతి.

మొక్కని కాండం పట్టి ఎత్తొద్దు, సంచి అడుగు కింద చెయ్యి పెట్టి ఎత్తండి. ముందు అడుగు చూడండి. సన్నని తెల్ల వేళ్లు ఒకటి రెండు బయటికి వచ్చి ఉంటే మంచిదే, మొక్క చురుగ్గా ఉందన్నమాట. పెన్సిలంత వేరు తెగి కనబడితే అది నర్సరీలో నేలలోకి దిగిపోయిందని, పీకి తెచ్చారని. అలాంటిది వారంలో వాడిపోతుంది, ఆకు నిలిచినా ఏడాది పాటు కదలదు.

తర్వాత సంచిని మెల్లగా ఒరిపించి చూడండి. మట్టి పొడిపొడిగా రాలితే నిన్నో మొన్నో సంచి మార్చారు, వేరు పట్టలేదు. మట్టి ఇటుకలా గట్టిగా, నీళ్లు పోస్తే పైనే నిలబడితే అందులో ఉన్నది జిగట మట్టే, గత్తం వెయ్యలేదు. పై మట్టిని వేలితో అర అంగుళం తీసి వేరు మొదలు చూడండి. వేరు కాండానికి ఉంగరంలా చుట్టుకుని ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దు. అది పదేళ్ల తర్వాత చెట్టు గొంతు నులుముతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన గజపతి జిల్లా మీదికి వచ్చినప్పుడు వేర్లతో సహా లేచిపోయిన చెట్లు చూసినవాళ్లందరికీ ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. పక్కకి పాకని వేరు చెట్టుని పట్టి ఉంచలేదు.

ఆకు కింద భాగం తిప్పండి. పిండినల్లి దూదిలా కణుపుల్లో ఉంటుంది. కాండం మీద గోధుమ రంగు పొలుసులు గోటితో గీకితే ఊడితే పొలుసు పురుగు. ఒక్క మొక్కతో ఇంట్లో ఉన్నవన్నిటికీ అంటుకుంటుంది. కానుగ ఆకు మీద బొడిపెలు కనబడితే మాత్రం భయపడకండి, అది ఆ చెట్టుకి మామూలే.

సంచిలో కలుపు కూడా చూడాలి. తుంగ గడ్డి ఉంటే దాని గడ్డలు మీ పెరడంతా పాకుతాయి. వయ్యారిభామ మొలక ఉన్నా అంతే. పైన అంగుళం మట్టి గీసి అక్కడే పారేసి తెచ్చుకోవడం ఒక మార్గం, తుంగకి అది కూడా చాలదు.

ఇసుకపర్ర (బరంపురం)
పెద్ద మొక్క వద్దన్న దానికి ఒక మినహాయింపు ఉండాలి కదా? గేదెలు, మేకలు వీధిలో తిరిగే చోట అడుగున్నర మొక్క వారం నిలవదు.

కవర్‌మొక్క
మొక్క పెద్దదైనంత మాత్రాన మేక ఆగదండీ, అది వెనక కాళ్ల మీద నిలబడుతుంది. కంచె ఖర్చు మొక్క ఖర్చులో కలుపుకోండి. నాలుగు వెదురు కర్రలు, చుట్టూ పాత చేపల వల, నాలుగడుగుల ఎత్తు. కానుగ, వావిలి, అడ్డసరం, గన్నేరు వీటిని మేకలు పెద్దగా ముట్టవు. మారేడు, నేరేడు చిగుర్లు మాత్రం వదలవు.

ఎర్రమొరం
ఇప్ప, మోదుగ, మారేడు, వీటికి మాత్రం చిన్నది కొనడమే మంచిది. వీటి తల్లివేరు నెలల్లోనే సంచి అడుగు తాకుతుంది. రెండేళ్ల ఇప్ప మొక్క 5×7 సంచిలో ఉందంటే కొనకండి. ఇప్ప గింజ కూడా ఎక్కువ రోజులు నిలవదు, రాలిన వారం పది రోజుల్లోపే వేసేస్తారు. ఇప్ప పండు జూన్, జూలైల్లో రాలుతుంది కాబట్టి ఇప్పుడు అమ్మకంలో ఉన్న మొలక కిందటేడుదేనా, ఈ ఏడుదేనా అని అడగడంలో తప్పులేదు.

మహేంద్రతనయ
సంపెంగ, ఉసిరి, నేరేడు వీటికి "అంటు" అని ఒక ధర, "గింజ" అని ఒక ధర ఉంటుందట. అంటు మొక్క కూడా దేశీదే కదా?

పాత_గునపం
దేశీదే. చెట్టు జాతి మారదు, తల్లి చెట్టు గుణం అలాగే వస్తుంది, అంతే. సంపెంగ గింజ మొక్క పూయడానికి ఎనిమిది పదేళ్లు పడుతుంది, అంటుది రెండు మూడేళ్లలో పూస్తుంది. ఉసిరి గింజ మొక్కకి కాపు ఏడెనిమిదేళ్లు, అంటుకి మూడు నాలుగేళ్లు. ఉసిరికి ఇంకో చిక్కుంది. ఒకే రకం ఒంటరిగా ఉంటే కాయ సరిగా నిలవదు, దగ్గర్లో ఇంకో రకం ఉండాలి. పక్కింట్లో చెట్టుంటే సరే. లేకపోతే మీ 20 అడుగుల్లో రెండు ఉసిరి చెట్లు ఎక్కడ పెడతారు?

అంటు మొక్కలో చూడాల్సింది అతుకు. అది పూర్తిగా మూసుకుని, కట్టిన ప్లాస్టిక్ పట్టీ తీసేసి ఉండాలి. పట్టీ అలాగే ఉంటే కాండాన్ని కోసేస్తుంది. అతుకు మట్టి పైకి జానెడు ఎత్తులో ఉండాలి. పాతాక అతుకు కిందనుంచి వచ్చే చిగురు అడవి మొదలుది, కనిపించగానే గిల్లేయండి. అది వదిలేస్తే పై అంటు చచ్చి మొదలే చెట్టవుతుంది, "అంటు అని మోసం చేశారు" అని నర్సరీవాళ్లని తిడతారు.

మీ పెరటికైతే సంపెంగ వద్దంటాను. 40 అడుగులు దాటే చెట్టు.

సునారి_రేల
అయితే మహేంద్రతనయ గారికి ఏం పెడదాం? నా లెక్క: ఒకటే పెద్ద చెట్టు, రేల. గోడకీ ఇంటికీ కనీసం 12 అడుగులు దూరం. ఎండాకాలంలో ఆకు రాల్చి పూస్తుంది, మొరం నేలలో బతుకుతుంది. ఒక పారిజాతం, గోడనుంచి ఐదారడుగులు. కరివేపాకు వంటింటి దగ్గర. నందివర్ధనం రెండు, అడ్డసరం ఒకటి, నూరు వరహాలు రెండు. ఇవి గోడ వెంబడి మూడడుగులకొకటి. సెప్టిక్ ట్యాంకు మూల ఖాళీగానే వదిలెయ్యండి, కావాలంటే అక్కడ తులసి, కలబంద. ట్యాంకు తడికి వేర్లు వెతుక్కుంటూ వస్తాయి, సిమెంటు పగుళ్లలోంచి దూరతాయి.

పారిజాతం పోల్చుకోవడం సులువు. ఆకు పైన గరుకు కాగితంలా ఉంటుంది, లేత కొమ్మ నాలుగు పలకలుగా. నూరు వరహాలులో చిన్న ఆకు, పొట్టి రకం "మినీ" అని అమ్ముతారు. అది సాగులో చేసిన రకం. మామూలు ఎర్రది అడగండి.

ఇసుకపర్ర
రేలకి బదులు పొగడ ఎందుకు కాదు? ఏడాదంతా ఆకు, పూల వాసన, తుఫానుకి కూడా నిలుస్తుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు పడినవి ఎక్కువగా తురాయి, యూకలిప్టస్, పక్కకొమ్మలు బరువెక్కిన చెట్లే.

సునారి_రేల
పొగడ మంచిదే, ఒప్పుకుంటాను. చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. త్వరగా నీడ కావాలంటే రేల, ఓపిక ఉంటే పొగడ.

ఇసుకపర్ర
మా బరంపురం, గోపాలపురం, ఛత్రపురం వైపు ఇసుక నేలకి మాత్రం పట్టిక వేరు. పొన్న, కానుగ, వావిలి ఉప్పుగాలికి ఆగుతాయి. పొన్నకి గింజ పెంకు గట్టిది, నర్సరీవాళ్లు పెంకు పగలగొట్టి నాటితేనే త్వరగా మొలుస్తుంది, అందుకే అన్ని సంచుల్లో మొక్కలు ఒకే ఎత్తు ఉండవు. చిన్నదని వదలొద్దు. ఇసుకలో గొయ్యికి రెండు తట్టలు చెరువు మట్టి, రెండు తట్టలు మాగిన గత్తం కలపకపోతే పోసిన నీళ్లు గంటలో దిగిపోతాయి. పైనుంచి కొబ్బరి పీచు కప్పండి.

ఎర్రమొరం
ఆ పొన్నని చూసి జయపురం, కోరాపుట్‌లో ఎవరూ కొనొద్దు. మా పీఠభూమి సముద్రమట్టానికి చాలా ఎత్తు, డిసెంబరు, జనవరి రాత్రుళ్లు చలి బాగా ఉంటుంది, తీరం మొక్క ఆకు మాడిపోతుంది. ఇక్కడ ఉసిరి, కరక్కాయ, రేల, నేరేడు, పారిజాతం నిక్షేపం. అడ్డసరం కంచెలా పెట్టుకుంటే ఇంకేం కావాలి.

సీతాకోక
ఒక జాగ్రత్త. అమ్మకం బయట గేటు దగ్గర బుట్టల్లో కొండ మొక్కలు పెట్టుకుని కూర్చునేవాళ్లు ఉంటారు. చెట్టు కొమ్మకి అంటిన ఆర్కిడ్‌లు, సర్పగంధ వేర్లతో సహా. మహేంద్రగిరి, దేవమాలి వైపు కొండలనుంచి తవ్వి తెచ్చినవి కొనొద్దు. సర్పగంధ వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందపు ఆంక్షలున్నాయి, రెండో అనుబంధంలో ఉంది. ఆ సంగతి పక్కన పెట్టినా, తవ్విన ఆర్కిడ్ మన పెరట్లో ఏడాది బతకదు. నర్సరీలో పెంచినదైతే సంచికి చుట్టూ వేరు పట్టి ఉంటుంది, బుట్టలో మట్టిబెడ్డతో ఉన్నది తవ్వినదే.

మహేంద్రతనయ
ఇంటికి తేవడానికి ఆటో మాట్లాడాను. దారి 14 కిలోమీటర్లు. తెచ్చిన రోజే నాటెయ్యాలా?

కవర్‌మొక్క
ఆటోలో పర్వాలేదు, మోటారు సైకిల్ మీద తెచ్చేవాళ్లే చంపేస్తారు. 14 కిలోమీటర్ల గాలికి ఆకులో తేమ అంతా పోతుంది. తడిపిన గోనె సంచి పైనుంచి కప్పండి. సంచుల్ని పడుకోబెట్టకుండా ఇరుకుగా నిలబెట్టండి. ఎండలో ఆటో ఆపి టిఫిన్‌కి వెళ్లొద్దు.

నాటడం ఆ రోజే వద్దు. మా నర్సరీల్లో చాలావరకు గ్రీన్ నెట్ కింద పెంచుతారు. తెచ్చి చెట్టు నీడలో పెట్టి, రోజూ నీళ్లు పోస్తూ ఎండ కొంచెం కొంచెం పెంచండి, వారం పది రోజులు. వాన పట్టి మబ్బుగా ఉంటే నాలుగు రోజులు చాలు. ఈలోగా గొయ్యి తీసి పెట్టుకోండి.

పాత_గునపం
గొయ్యి గురించి నేను చెప్తా, ఇక్కడ గొడవ అవుతుంది.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. మొరం కాబట్టి లోతు కావాలి, లేకపోతే వేరు చిప్పలో ఉన్నట్టు ఉంటుంది. పై మట్టి ఒక పక్క, కింది మొరం ఇంకో పక్క వెయ్యండి. పై మట్టి మూడు వంతులు, మాగిన గత్తం ఒక వంతు, వేపపిండి పావు కిలో. కింది మొరం మళ్లీ వెయ్యొద్దు.

ఎర్రమొరం
గొడవ అక్కడే మాస్టారూ. రెండడుగుల లోతు తవ్వి వదులు మట్టి నింపి ఆ రోజే మొక్క పెడితే రెండు వానలకి మట్టి నాలుగంగుళాలు కుంగుతుంది. మొక్క కూడా కుంగి కాండం మొదలు మట్టిలో కూరుకుపోతుంది, బెరడు కుళ్లి చస్తుంది. మొరం చిప్పలో నీళ్లు నిలిచినా అదే గతి. వెడల్పు మూడడుగులు, లోతు సంచి ఎత్తుకి అర అడుగు ఎక్కువ చాలు అంటాను.

పాత_గునపం
మీరన్నదీ నిజమే, కుంగడం పెద్ద తప్పు. అందుకే నాటే రోజు కాదు, వారం పది రోజుల ముందే నింపి, రెండు మూడుసార్లు బాగా తడిపి కుంగనివ్వాలి. మొక్క ఎండకి అలవాటుపడే రోజులూ అవే. తర్వాత సంచి అంత గుంట తీసి, వేరు మొదలు నేలకంటే అంగుళం పైకి ఉండేలా పెట్టాలి. నీళ్లు నిలిచే చోట రెండంగుళాలు పైకి, చుట్టూ మట్టి వాలుగా ఎగదోయాలి. మొరం గట్టిపొర గునపానికి కూడా లొంగకపోతే లోతుకి పోకండి, అప్పుడు ఎర్రమొరం గారి వెడల్పు లెక్కే సరి.

గత్తం మాగకుండా వేడిగా ఉంటే వేరు మాడుతుంది, చెదలు కూడా వస్తాయి. చేత్తో నలిపితే మట్టి వాసన రావాలి గానీ పేడ వాసన రాకూడదు. నాటేటప్పుడు యూరియా, డీఏపీ ఏదీ వద్దు.

మహేంద్రతనయ
సంచి ఎలా తియ్యాలి? కొంతమంది సంచితోనే అడుగు కోసి పాతెయ్యమంటారు.

కవర్‌మొక్క
అది చెయ్యొద్దు. ప్లాస్టిక్ మట్టిలో కరగదు, వేరు అందులోనే చుట్టుకుంటుంది. నాటే ముందు రోజు సాయంత్రం సంచికి బాగా నీళ్లు పట్టించండి, మట్టి ముద్దగా ఉంటుంది. బ్లేడుతో అడుగున అర అంగుళం మట్టితో సహా చుట్టూ కోసేయండి, చుట్టుకున్న వేరంతా పోతుంది. తర్వాత పక్కన పైనుంచి కిందికి ఒక గీత కోసి సంచి ఊడదీయండి. చుట్టూ వేర్లు చాపలా అల్లుకుని ఉంటే మూడు నాలుగు చోట్ల నిలువుగా పావు అంగుళం లోతు గీయండి. భయం వద్దు, అక్కడినుంచే కొత్త వేర్లు బయటికి వస్తాయి. ఇప్ప, మోదుగ, మారేడుకి మాత్రం పక్కల గీయొద్దు, అడుగున చుట్టు మాత్రమే తీసి కదపకుండా పెట్టేయండి.

మట్టి కాలితో తొక్కకండి, చేత్తో నొక్కండి. నొక్కాక ఒక బిందెడు నీళ్లు, అదే మట్టిని సర్దుతుంది.

ఇసుకపర్ర
ఊతకర్ర సంగతి మర్చిపోయారు. కర్రని మొక్కకి ఆనించి పాతొద్దు, గాలి వచ్చే వైపు అడుగు దూరంలో. గుడ్డ పీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కాండం కొంచెం ఊగితేనే మొదలు లావెక్కుతుంది. అక్టోబరు తుఫాన్లకి ముందు ఒకసారి కట్టు చూసుకోండి, ఏడాది తర్వాత కర్ర తీసేయండి.

సీతాకోక
మొక్క చుట్టూ ఎండాకులు మూడంగుళాలు పరవండి, కాండానికి ఆనకుండా నాలుగంగుళాలు వదిలి. ఆనిస్తే చెదలు నేరుగా బెరడెక్కుతాయి. మామిడాకులు, వేపాకులు ఏవైనా సరే. దీపావళికి ఊడ్చిన ఆకులు కాల్చకండి, వేసవికి అవే కావాలి.

ఎర్రమొరం
నీళ్లు: వానలు ఆగాక, నవంబరు నుంచి మొదటి వేసవి చివరిదాకా చెట్టు మొక్కకి వారానికి రెండుసార్లు 10 నుంచి 15 లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైనే తిరుగుతుంది, కిందికి దిగదు. మొరం నేలకి కుండ పద్ధతి బాగుంటుంది. ఐదు లీటర్ల మట్టికుండని, మెరుగు పూసినది కాకుండా, మొక్కకి అడుగున్నర దూరంలో మెడ దాకా పాతి నింపి మూత పెట్టడమే. కుండ గోడలోంచి తడి మెల్లగా వస్తుంది. రెండో ఏడు కుండని ఇంకో అడుగు బయటికి జరపండి, వేరు కూడా అటే వెళ్తుంది.

మహేంద్రతనయ
రేల ఒకటి, పారిజాతం, కరివేపాకు, నందివర్ధనం రెండు, అడ్డసరం, నూరు వరహాలు రెండు. ఈ లెక్కతో వెళ్తా. సునారి చీటీ ఉన్న మొక్కకి ఆకులు నిండా చిల్లులుంటే?

సీతాకోక
గొంగళిపురుగు తిన్నదే అయ్యుంటుంది. మందు పడలేదని గుర్తు. అదే తీసుకోండి.

కవర్‌మొక్క
చిల్లులున్నవి అందరూ పక్కకి తోసేస్తారు, బేరమాడితే ఐదు పది తగ్గిస్తాం కూడా. మొదలు మాత్రం చూసి తీసుకోండి.

పాత_గునపం
సంచి అడుగు కూడా, బాబూ.